పడవ మోటారు ఎందుకు వేడెక్కుతుంది?

ఒక గ్రాము నీటిని 1 డిగ్రీ సెల్సియస్ వేడిచేయడానికి సుమారు 4.18 జౌళ్ల ఉష్ణం కావాలని మనం చదువుకున్నాం. నీరు ఇంత వేడిని మోసుకుపోగలదు కనుకనే, పడవ వెనుక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారును సముద్రపు నీటితోనే చల్లబరుస్తారు. మోటారు కింది భాగంలోని జాలీ గుండా నీరు లోపలికి వస్తుంది. రబ్బరు రెక్కల ఇంపెల్లర్ దాన్ని పైకి తోస్తుంది. ఆ నీరు సిలిండరు చుట్టూ తిరిగి బయటకు పోతుంది. అందులో కొంత పక్కనున్న చిన్న రంధ్రం నుంచి ధారగా పడుతుంది.

పాత మోటారు వేడెక్కితే ఇంజను విప్పకముందే ఈ నీటి దారిని వరుసగా చూడాలి.

1. ధార సన్నగిల్లితే వెంటనే మోటారు ఆపాలి. రంధ్రంలోని ఇసుకను, ఉప్పును సన్నని తీగతో తీయాలి.

2. జాలీకి అంటుకున్న నాచు, ప్లాస్టిక్ సంచులు తొలగించాలి.

3. ఇంపెల్లర్ రెక్కలు గట్టిపడినా, విరిగినా కొత్తది వేయాలి. విరిగిన ముక్కలు నీటి దారిలో ఇరుక్కుంటాయి. వాటినీ వెతికి తీయాలి.

4. ధార బాగున్నా వేడెక్కుతుంటే థర్మోస్టాట్ విప్పి వేడినీళ్లలో వేయాలి. తెరుచుకోకపోతే మార్చాలి.

వేట ముగిశాక మంచినీటితో మోటారు లోపల కడిగితే ఉప్పు పేరుకోదు. నీరు అందకుండా ఒడ్డున మోటారు నడపకూడదు. ఇంపెల్లర్ కాలిపోతుంది.

నడిసముద్రంలో పిస్టన్ పట్టేస్తే అక్కడ మెకానిక్కు ఉండడు. ప్రాణాలకే ముప్పు. మా ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాడిగా ఒక్కమాట: సెలవులకు వెళ్లినప్పుడు మీ నాన్నలకు, మామయ్యలకు ఈ పాఠం చదివి వినిపించండి.