ఆటల నుంచి, బొమ్మల నుంచి మార్కెటింగ్‌లోకి: కే.జీ.కండిగై పిల్లలకు ఒక సలహా

మార్కెటింగ్ అంటే ఒక సరుకు ఎవరికి కావాలో కనిపెట్టడం, అది ఉందని వాళ్ళకు తెలియజేయడం, కొనే దాకా దారి సుగమం చేయడం, కొన్నవాళ్ళు మళ్ళీ వచ్చేలా చూసుకోవడం. ప్రకటన ఇందులో ఒక భాగం మాత్రమే. చిన్నప్పటి నుంచి వీడియో గేములు ఆడినవాళ్ళకు, ఫోనులోనో కంప్యూటర్లోనో బొమ్మలు వేసినవాళ్ళకు ఈ పనిలో కొంత ఇప్పటికే చేతికి వచ్చి ఉంటుంది. అదెంతో, ఇంకా నేర్చుకోవలసింది ఎంతో విడివిడిగా తెలుసుకోవడం తమిళనాడు తిరువళ్ళూరు జిల్లా తిరుత్తణి తాలూకాలోని కే.జీ.కండిగై లాంటి ఊళ్ళ పిల్లలకు చాలా అవసరం. ప్లస్ టూ ముగిసేసరికి ‘ఈ ఆటలు రేపు కూడు పెడతాయా’ అని ఇంట్లో అడుగుతారు. అది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. దానికి సరైన జవాబు ఉంది.

ఈ ప్రాంతానికి కంప్యూటరు ఇంటింటికీ వచ్చిన తీరు ప్రత్యేకమైనది. తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇచ్చే పథకాన్ని 2011 సెప్టెంబరు 15న మొదలుపెట్టింది ఈ జిల్లాలోనే, తిరువళ్ళూరు పక్కనున్న కాక్కళూరులో. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. నేతపని, చెరకు సాగు, కూలి మీద బతికే ఇళ్ళలో మొదటి కంప్యూటరు అలా పిల్లల చేతికే వచ్చింది. అందులో వాళ్ళు ఆటలు ఆడారు, పెయింట్‌లో గీశారు, ఫోనులో పిక్స్‌ఆర్ట్‌తో అభిమాన హీరో పుట్టినరోజుకు పోస్టర్లు చేశారు. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో, ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించినా ఆ తరం ఆట మానలేదు, వేరే ఆటకు మారింది. దాన్నంతా పాడైపోయిన కాలంగా లెక్కగట్టడం అన్యాయం.

ఆట నేర్పే పాఠాల్లో మొదటిది తొలి నిమిషం విలువ. మంచి గేము ఏదీ నియమాల పుస్తకం చదివించదు. మొదటి శత్రువు ఒక్క దెబ్బకే పడిపోతాడు, మొదటి తలుపు తోస్తే చాలు తెరుచుకుంటుంది. ఆటగాడికి ‘నా వల్ల అవుతుంది’ అనిపించాకే కష్టం మొదలవుతుంది. కొత్త యాప్‌లోకి, కొత్త దుకాణంలోకి వచ్చిన మనిషికీ ఇదే కావాలి. పేరు, చిరునామా, ఓటీపీ, పుట్టినతేదీ అన్నీ అడిగాక సరుకు చూపించే వెబ్‌సైటు నుంచి జనం ఎందుకు వెళ్ళిపోతారో వందల ఆటలు మొదలుపెట్టి, వాటిలో చాలావాటిని నిమిషంలో తీసేసిన పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో పాఠం బహుమతిది. 2019 దీపావళికి గూగుల్ పే స్టాంపుల ఆట పెట్టింది. అయిదు రకాల స్టాంపులు కూడగడితే 251 రూపాయలు. రంగోలీ స్టాంపు మాత్రం ఒక పట్టాన దొరకలేదు. దానికోసం దేశమంతా బంధువులకూ స్నేహితులకూ మెసేజీలు పెట్టుకుంది. డబ్బు పంపే యాప్ గురించి జనమే జనానికి చెప్పుకున్నారు. ఆ ఎత్తు వేసినవాళ్ళు వాడుకున్నది గేముల్లో అరుదైన వస్తువును దాచిపెట్టే పాత సూత్రాన్నే.

మూడోది లెక్క. ఆటగాడు ఎన్నిసార్లు గెలిచాడో, ఎక్కడ పడిపోతున్నాడో అంకెల్లో చూసుకుని మరుసటి ఆటకు పద్ధతి మార్చుకుంటాడు. ఆన్‌లైన్ ప్రకటనలు నడిపే పని దాదాపు ఇంతే. ఉదాహరణకు, ఒక లుంగీల దుకాణం 500 రూపాయలు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన ఇచ్చిందనుకుందాం. అది 10,000 మందికి కనిపించింది, 100 మంది నొక్కారు, 4 ఆర్డర్లు వచ్చాయి. నొక్కినవాళ్ళు నూటికి ఒకరు. ఒక్కో క్లిక్కుకు 5 రూపాయలు, ఒక్కో ఆర్డరుకు 125 రూపాయలు ఖర్చు. లుంగీ మీద మిగిలేది 60 రూపాయలైతే ప్రతి ఆర్డరుకూ 65 రూపాయల నష్టం. ఇప్పుడు చూడవలసింది ఎక్కడ? వంద మంది నొక్కారంటే బొమ్మ ఆకట్టుకుంది. తొంభై ఆరు మంది కొనకుండా వెళ్ళారంటే చిక్కు ధరలోనో, డెలివరీ ఖర్చులోనో, సరుకు చూపించిన పేజీలోనో ఉంది. ఒక్కొక్కటీ మార్చి మళ్ళీ నడిపి చూడాలి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఈ ఓపిక ఉన్నవాళ్ళకు ఏజెన్సీల్లో పని దొరుకుతుంది. లైకులు లెక్కపెట్టుకుని సంతోషించేవాళ్ళకు దొరకడం కష్టం.

బొమ్మల అలవాటు నుంచి ఈ పనిలోకి వచ్చేవాళ్ళు దాటవలసిన గడప ఇంకొకటి. సొంత సరదాకు వేసిన బొమ్మ వేసినవాడి ఇష్టం. అమ్మకానికి వేసే బొమ్మ సరుకు తయారుచేసినవాడి అవసరం, కొనేవాడి చూపు. తెలుగువాళ్ళలో ఈ గడప దాటిన గొప్ప చిత్రకారుడు బాపు. 1933లో నరసాపురంలో పుట్టి, మద్రాసులో చదివి, 1955లో లా పట్టా పుచ్చుకున్నా ఆయన లాయరుగా స్థిరపడలేదు. ఆంధ్రపత్రికకు కార్టూన్లు వేశారు, ప్రకటనల సంస్థల్లో చిత్రకారుడిగా పనిచేశారు. 1967లో ‘సాక్షి’తో సినిమా దర్శకుడయ్యారు. చిన్న చోటులో, తక్కువ గీతల్లో, చూసినవాడికి వెంటనే అర్థమయ్యేలా చెప్పడం పత్రికా చిత్రకారుడికీ ప్రకటనల చిత్రకారుడికీ రోజువారీ పరీక్ష. ఆయన చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంటుగానూ వచ్చింది. ప్రకటనల పని కళను చంపేస్తుందని బెంగపడే పిల్లలు ఆయన బొమ్మల్ని వరుసగా తిరగేస్తే ఆ బెంగ తీరుతుంది.

మన కాలానికి దగ్గరి ఉదాహరణ హైదరాబాదులో ఉంది. రాజీవ్ చిలక అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, దాన్ని వదిలి శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకున్నారు. 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టారు. ‘ఛోటా భీమ్’ పోగో చానల్లో 2008లో మొదలైంది. ఆ బొమ్మ టీవీలో ఆగలేదు. బ్యాగులు, నీళ్ళ సీసాలు, టిఫిన్ డబ్బాల మీదికి వచ్చింది, కంపెనీ సొంత దుకాణాలు కూడా తెరిచింది. 2012లో థియేటర్లకు, 2019లో ‘మైటీ లిటిల్ భీమ్’గా నెట్‌ఫ్లిక్స్‌కు వెళ్ళింది. గీసినవాళ్ళ నైపుణ్యం ఎంత ఉందో, ఆ బొమ్మను ఏ వస్తువు మీద, ఏ వయసు పిల్లలకు, ఏ ధరకు అమ్మాలో తేల్చినవాళ్ళ నైపుణ్యమూ అంతే ఉంది. రెండో రకం పనికి మనుషులు తక్కువ. బొమ్మ వేయడం వచ్చి, అమ్మకం కూడా అర్థమైనవాళ్ళు మరీ తక్కువ.

కండిగై పిల్లలు అంత దూరం చూడకముందే దగ్గర్లో ఉన్న అవకాశం మగ్గం. పళ్ళిపట్టు, ఆర్.కె.పేట, పొదటూరుపేట, అమ్మయ్యారుకుప్పం వైపు నేతపని ఇప్పటికీ బతుకుతెరువు. జకార్డు మగ్గం మీద చీర అంచుకు డిజైను వేయాలంటే గ్రాఫు కాగితం మీద గడులు నింపేవాళ్ళు. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్ళు. ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చాక అట్టల స్థానంలో కంప్యూటర్ ఫైలు వచ్చింది. ఆ ఫైలులో ఒక్కో చుక్క ఒక్కో హుక్కును లేపాలో వద్దో చెబుతుంది, ఒక్కో వరుస ఒక్కో పేక పోగు. మైన్‌క్రాఫ్ట్‌లో గడి మీద గడి పేర్చినవాళ్ళకు, పిక్సెల్ ఆర్ట్ వేసినవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. అంచు సాగేటప్పుడు నెమలి మెడ దగ్గర గీత మెట్లు మెట్లుగా కనిపించకుండా గడులు ఎలా సర్దాలో వాళ్ళ కంటికి తెలుసు. నేతగాడి ఇంట్లో పుట్టిన పిల్ల ఒకే డిజైనును మగ్గానికి ఫైలుగా, వాట్సాప్ బిజినెస్ కేటలాగుకు ఫోటోగా, ఇన్‌స్టాగ్రామ్‌కు రీలుగా మూడు విధాల మలచగలిగితే ఆ కుటుంబానికి మధ్యవర్తి మీద ఆధారపడే అవసరం తగ్గుతుంది. ఈ వ్యాసంలో మిగతా మాటలన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి పట్టుకోదగ్గది.

రెండో అవకాశం రెండు భాషలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. బడి తమిళంలో, ఇల్లు తెలుగులో సాగే తరాలు అలా పెరిగాయి. ఆడికృత్తిక పండుగకు కావళ్ళతో తిరుత్తణి కొండకు వచ్చేవాళ్ళలో ఆంధ్రా వైపు భక్తులు ఎందరో. దారి పొడవునా ఉన్న దుకాణం బోర్డు తమిళులతోనూ తెలుగువాళ్ళతోనూ మాట్లాడాలి. ఇక్కడే మామూలు డిజైనర్ చేయి తడబడుతుంది. తమిళంలో మాట పొడుగ్గా సాగుతుంది, అక్షరం కింద ఒత్తు ఉండదు, పైన పుళ్ళి అనే చుక్క ఉంటుంది. తెలుగులో గుడి పైకి, ఒత్తు కిందికి పోతుంది. తమిళానికి సరిపోయిన వరుసల ఎడంలోనే ‘ప్రత్యేక తగ్గింపు’ అని పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. తెలుగు వరుసలకు ఎడం పెంచాలి, అక్షరం కొంచెం తగ్గించాలి, అయినా రెండు భాషలూ సమానమైన బరువుతో కనబడాలి. ఫోటోషాప్ పాత వెర్షన్ల టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపులకు సంబంధించిన ఎంపిక పెట్టకపోతే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. ఫ్లెక్సు దుకాణాల్లో వాడే అను ఫాంట్లలో కొట్టిన తెలుగును వాట్సాప్‌లోకి తెస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో రామరాజ, మల్లన్న, సూరన్న, ధూర్జటి, పెద్దన వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, వ్యాపారానికి వాడుకున్నా అభ్యంతరం లేదు. చెన్నై కంపెనీలు ఆంధ్ర, తెలంగాణ మార్కెట్టుకు పెట్టే తెలుగు ప్రకటనల్లో ఒత్తుల తప్పులు కళ్ళకు గుచ్చుకుంటున్నాయి. ఆ తప్పు పట్టగల కన్ను, దిద్దగల చేయి రెండూ ఉన్న మనిషి తిరుత్తణి లోకల్ రైల్లో వెళ్ళి ఆ పని అడగవచ్చు.

చదువు సంగతి క్లుప్తంగా. చెన్నైలోని ప్రభుత్వ లలితకళల కళాశాల 1850లో అలెగ్జాండర్ హంటర్ మొదలుపెట్టిన బడి నుంచి పెరిగింది. అక్కడ విజువల్ కమ్యూనికేషన్ డిజైన్ చదవవచ్చు. ప్రవేశపరీక్షలో చేతితో గీయించి చూస్తారు కాబట్టి తెర మీదే గీసినవాళ్ళు పెన్సిలు కూడా పట్టాలి. ఇంటి పరిస్థితి అంత దూరం పంపనివ్వకపోతే తిరుత్తణి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో బి.కాం. చేస్తూ సాయంత్రాలు ఈ పని నేర్చుకోవడం ఏ విధంగానూ తక్కువ కాదు. ఖాతాలు, ధరలు అర్థమైన డిజైనరుకు విలువ ఎక్కువ. బ్లెండర్, క్రిటా, ఇంక్‌స్కేప్ ఉచితం. గూగుల్ స్కిల్‌షాప్ పాఠాలూ ఉచితమే. 2022లో మొదలైన ‘నాన్ ముదల్వన్’ పథకం కాలేజీ విద్యార్థులకు నైపుణ్య శిక్షణ ఇస్తోంది. మాట చెబితే బొమ్మ వేసిపెట్టే ఏఐ సాధనాలు వచ్చాక గీసిపెట్టడం ఒక్కటే తెలిసినవాళ్ళ రేటు పడిపోతోంది. వచ్చిన పది బొమ్మల్లో ఈ దుకాణానికి, ఈ ఊరి కొనుగోలుదారుకు ఏది తగినదో ఎంచడం నేర్చుకున్నవాళ్ళు నిలబడతారు.

పని అడగడానికి వెళ్ళేటప్పుడు ఫ్యాన్ ఆర్ట్ ఆల్బం తీసుకెళ్ళడం తప్పు. ఎదుటివాడు చూసేది ఒక సమస్యను ఎలా తీర్చారన్నది. ఊళ్ళోని ఒక నిజమైన దుకాణానికి, ఒక నేతగాడికి, ఒక మిఠాయి అంగడికి చేసిన పని అయిదారు పేజీల్లో పెట్టాలి. ముందు ఎలా ఉంది, ఏం మార్చారు, ఎందుకు మార్చారు, తర్వాత ఏమైంది అన్నది ప్రతి పేజీలో రెండు మూడు వాక్యాల్లో రాయాలి. ఫలితం రాకపోతే రాలేదనే రాయాలి. అనుభవమున్న మేనేజరు కట్టుకథను ఇట్టే పసిగడతాడు.

చట్టం తెలియకుండా ఈ రంగంలోకి దిగకూడదు. గేము పాత్రను, కార్టూన్ పాత్రను, సినిమా స్టిల్లును అనుమతి లేకుండా వ్యాపార ప్రకటనలో వాడితే 1957 నాటి కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. బడి ప్రవేశాల ఫ్లెక్సు మీద ఛోటా భీమ్‌ను పెట్టడం కూడా అంతే. డబ్బు తీసుకుని ఒక వస్తువును మెచ్చుకుంటే ఆ సంగతి పోస్టులోనే చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమం పెట్టింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. గేములు తెలిసిన పిల్లలకు ముందుగా వచ్చే ఎర డబ్బు పెట్టి ఆడే యాప్‌ల ప్రచారం. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ ఆటలనే కాదు, వాటి ప్రకటనలనూ నిషేధించింది. ప్రకటన చేసినవాళ్ళకు రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఈ-స్పోర్ట్స్‌ను ఆ చట్టం ప్రోత్సహిస్తుంది. పోటీల పోస్టర్లు, ప్రసారాలు, జట్ల ప్రచారం అన్నీ చేయదగిన పనులే.

డబ్బు విషయంలో మొహమాటం మంచిది కాదు. పని మొదలుపెట్టేముందు ఎన్ని డిజైన్లు, ఎన్నిసార్లు మార్పులు, ఎప్పటికి ఇవ్వాలి, ఎంత అన్నది వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. సగం అడ్వాన్సు తీసుకోవాలి. అసలు ఫైలు ఇవ్వడం, అచ్చుకు పనికొచ్చే ఫైలు ఇవ్వడం వేర్వేరు, వాటి ధరలూ వేర్వేరు. బంధువుల దుకాణానికి చేసినా బిల్లు రాయాలి, తగ్గింపు ఇస్తే అది బిల్లు మీదే చూపాలి. పాన్ కార్డు, సొంత పేరు మీద బ్యాంకు ఖాతా మొదటి రోజు నుంచే కావాలి. సేవల మీద వచ్చే ఆదాయం ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటే దాకా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. చిత్తూరు, తిరుపతి కస్టమర్లకు ఇక్కడి నుంచి డిజైన్ చేసి పంపినా ఆ పరిమితే వర్తిస్తుంది.