పుట్టగొడుగులు: తినదగినవి, విషపూరితమైనవి

తొలకరి వానలు పడి నేల పదునెక్కగానే సంతలలో పుట్టగొడుగుల బుట్టలు కనిపిస్తాయి. "వీటిలో మంచివేవో ఎలా తెలుసుకోవాలండీ?" అని నన్నడిగే గృహిణులు అనేకులు. ఆ ప్రశ్నకు వంటింటి చిట్కా ఏదీ సమాధానం కాదు. కావలసినది లక్షణజ్ఞానం.

మన ప్రాచీనులు వీటిని ఛత్రాకములన్నారు. చరక సంహిత సూత్రస్థానంలో సర్పచ్ఛత్రకాన్ని విడిచి, తక్కిన ఛత్రజాతులు మధురములు, శీతలములు, గురువులు, పీనసకారకములని చెప్పబడినది. సుశ్రుతుడు గడ్డి, చెరకు, పేడ, వెదురు, నేల అంటూ అవి పుట్టిన చోటును బట్టి వాటిని విభజించాడు. చోటు ముఖ్యమే గాని, అదొక్కటే ప్రమాణం కాజాలదు.

వండేటప్పుడు వెండి చెంచా గాని, వెల్లుల్లి రేకు గాని నల్లబడకుంటే మంచివేనని కొందరి నమ్మకం. వెండి నల్లబడడానికి గంధక పదార్థాలు కారణం. ప్రాణాంతకమైన అమాటాక్సిన్ అనే విషానికి ఆ గుణం లేదు. పురుగు కొరికినవి మంచివన్న మాట కూడా వట్టిదే. మనిషిని చంపే గొడుగును నత్తలు నిక్షేపంగా తింటాయి. తెల్లనివన్నీ సాత్వికమైనవనుకోవడం అన్నిటికన్నా అపాయకరం. మిక్కిలి విషపూరితమైన అమానిటా జాతులలో స్వచ్ఛమైన తెల్లనివి కూడా ఉన్నాయి.

ఈ అమానిటాను గుర్తించే ఆనవాలు భూమిలో ఉంటుంది. కాడ మొదట దొప్ప వంటి తొడుగు, పైభాగాన ఉంగరం వంటి వలయం, గొడుగు క్రింద తెల్లని మొప్పలు ఉంటాయి. కాడను పట్టి లాగితే దొప్ప మట్టిలోనే మిగిలిపోతుంది. కనుక కత్తితో చుట్టూ త్రవ్వి, మొదలుతో సహా పైకి తీసి చూడాలి. సంతలో కాడలు తెంచి పోసినవాటిని నేను కొననిదీ, కొనమననిదీ ఇందుకే. అయితే దొప్ప లేనంత మాత్రాన మంచిదని అర్థం కాదు. లెపియోటా అనే చిన్న గొడుగులలో కొన్నింటికి దొప్ప ఉండదు, విషం మాత్రం అదే.

మనం సాగు చేసే వరిగడ్డి పుట్టగొడుగుకూ దొప్ప ఉంటుంది! దానికి వలయం ఉండదు. సిద్ధబీజాలు గులాబీ రంగు. అమానిటావి తెల్లనివి. గొడుగును కోసి, మొప్పలు క్రిందికి వచ్చేలా కాగితంపై పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే రాలిన పొడి రంగు తెలుస్తుంది. ఆగ్నేయాసియా నుండి అమెరికా వెళ్లినవారిలో కొందరు అక్కడి అమానిటాను తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగేనని భ్రమించి ప్రాణాపాయం తెచ్చుకున్నారు.

చెదపుట్టలపై మొలిచే అసలైన పుట్టగొడుగుకు నడినెత్తిన మొన, నేలలోనికి చెదల గూటి దాకా దిగే వేరు వంటి పొడవైన కాడ ఉంటాయి. పచ్చికలో తెల్లగా, పెద్దగా మొలిచే మరొకదానికి ఆ వేరు ఉండదు. లేతప్పుడు తెల్లగా ఉన్న దాని మొప్పలు ముదిరినకొద్దీ ఆకుపచ్చబారుతాయి. అది తిన్న కొద్ది గంటలకే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

త్వరగా బయటపడే విషం కంటే ఆలస్యంగా బయటపడే విషమే భయంకరం. అమానిటా తిన్నవారికి సాధారణంగా ఆరు గంటల నుండి పన్నెండు గంటల వరకు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యంగా వాంతులు మొదలవుతాయి. పిమ్మట ఒక రోజు తేరుకున్నట్లే ఉంటుంది. లోపల కాలేయం క్షీణిస్తూనే ఉంటుంది. ఉడికించినా, ఎండబెట్టినా ఈ విషం నశించదు. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించారు.

వైద్యుడిగా చెబుతున్నాను: దీనికి మజ్జిగ, చింతపండు రసం, నెయ్యి వంటి గృహవైద్యం లేదు. అనుమానం కలిగితే లక్షణాల కోసం వేచి ఉండక, కలిసి తిన్నవారందరినీ వెంటనే పెద్దాసుపత్రికి తీసుకొనిపోవాలి. వండగా మిగిలిన పచ్చి గొడుగులను కాగితంలో చుట్టి వెంట తీసుకొనిపోవాలి. ప్లాస్టిక్ సంచిలో అవి త్వరగా కుళ్లి, పోలిక పట్టడానికి పనికిరావు.