యంత్రస్మృతి – సంరక్షణ

గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానాలలో పత్తి, మిరప ప్రధానమైన వాణిజ్య పంటలు. పూతదశలో నీటి ఎద్దడి ఏర్పడితే మిరప పూత రాలిపోతుంది. అందువల్ల బోరు మోటారు వేళకు నడవడం రైతుకు ప్రాణప్రదమైన విషయం. మోటారును ఇంటి నుంచే సెల్‌ఫోన్ ద్వారా నడిపించే స్టార్టర్లు నేడు పొలాలలో వాడుకలోకి వచ్చాయి.

ఇటువంటి పరికరం లోపల ఒక చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ఏ పరిస్థితిలో ఏమి చేయాలో తెలిపే ఆదేశాలు దాని ఫ్లాష్ మెమరీలో భద్రమై ఉంటాయి. ఈ ఆదేశాల సముదాయాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. కరెంటు పోయినా ఇది చెరిగిపోదు. అయితే లోపాలను సవరించడానికి దీనిని అప్పుడప్పుడు మార్చవలసి వస్తుంది. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. ఫ్లాష్ మెమరీలో కొత్త ఆదేశాలు రాయాలంటే ముందుగా ఆ చోటనున్న పాతవాటిని చెరిపివేయాలి. రాయడం పూర్తికాకముందే కరెంటు పోతే పాతదీ మిగలదు, కొత్తదీ దక్కదు. కరెంటు తిరిగి వచ్చినా బోర్డు పనిచేయదు.

మిరప రైతు పొలంలో నారు నాటిన తరువాత కూడా నారుమడిలో కొంత మిగుల్చుకుంటాడు. చనిపోయిన మొక్కల స్థానంలో దానిని నాటుతాడు. పరికరాల రూపకర్తలు పాటించేదీ ఈ ముందుచూపునే. వారు మెమరీని రెండు భాగాలుగా చేస్తారు. పాత ఫర్మ్‌వేర్‌ను ఒక భాగంలో కదపకుండా ఉంచి, కొత్తదానిని రెండవ భాగంలో రాయిస్తారు. అది పొల్లుపోకుండా చేరిందో లేదో బోర్డు లెక్కకట్టి సరిచూస్తుంది. పంపినవారు అసలైనవారేనా అని డిజిటల్ సంతకం ద్వారా నిర్ధారించుకుంటుంది. ఆ తరువాతనే రీబూట్ అవుతుంది, అనగా మొదటి నుంచి తిరిగి ప్రారంభమవుతుంది. కొత్తది సక్రమంగా నడవకపోతే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము పాతదానినే మళ్లీ నడిపిస్తుంది. అందుకే బూట్‌లోడర్‌ను సులభంగా చెరపడానికి వీలులేని చోట భద్రపరుస్తారు. రీబూట్ జరిగేటప్పుడు మోటారు తనంతట తాను తిరగకుండా చూడడం కూడా అవసరం. ఆ సమయంలో దానిపై మనిషి చేయి ఉండవచ్చు.

ఈ జాగ్రత్తల విలువ అంతరిక్షంలోనూ రుజువైంది. 2004 జనవరిలో అంగారకునిపై దిగిన నాసా వారి స్పిరిట్ రోవర్, ఫ్లాష్ మెమరీలో ఫైళ్లు మితిమీరి పేరుకుపోవడంతో పదేపదే రీబూట్ కాసాగింది. ఫ్లాష్ మెమరీతో నిమిత్తం లేకుండా ప్రారంభమయ్యే మార్గం అందులో ఉండడం వల్ల ఇంజనీర్లు భూమి నుంచే దానిని కాపాడగలిగారు. ఆ రోవర్ 2010 వరకు సమాచారం పంపింది.

అంగారకునిపైకి మెకానిక్ వెళ్లలేడు. పొలానికి వెళ్లగలడు గాని, అతడు వచ్చేవరకు పూత ఆగదు. కనుక పైరుకు నీరు పెట్టవలసిన వేళ గాక, కరెంటు నిలకడగా ఉన్న వేళ ఫర్మ్‌వేర్‌ను మార్చడం వివేకం. పరికరం కొనేటప్పుడే, మార్పు విఫలమైతే అది పాత స్థితికి రాగలదా అని అడిగి తెలుసుకోవడం అంతకన్నా వివేకం.