గాదెలోని గింజ, అంగడిలోని డబ్బా
పిల్లల ఆహారమును గూర్చి రైతు కుటుంబములకు కొన్ని సూచనలు



వేరుశనగ పైరును గూర్చి చెప్పుటకు పల్లెలకు పోవుట నా ఉద్యోగము. విత్తనశుద్ధి, ఎరువుల మోతాదు, తిక్క ఆకుమచ్చ తెగులు - ఇవి నా పాఠములు. పిల్లల తిండిని గూర్చి వ్రాయవలసి వచ్చునని నేను తలచలేదు. అనంతపురము జిల్లాలోని యొక గ్రామమున చూచిన చిన్న విషయము నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

ఒక రైతు ఇంటి వసారాలో కూర్చుండి కాయల తేమను గూర్చి మాటలాడుచుంటిమి. గోడ ప్రక్కన వేరుశనగ మూటలు పేర్చియున్నవి. వాటికి ఆనుకొని కూర్చుండి నాలుగేండ్ల బాలుడు టీలో బిస్కట్లు ముంచుకొని తినుచుండెను. అదే వాని ఉదయపు ఆహారము. "ఇన్ని కాయలు ఇంట నుండగా బిడ్డకు ఈ తిండి యేలనమ్మా?" అని తల్లి నడిగితిని. ఆమె నొచ్చుకొనలేదు. "అంతా తెలుసు సార్. తెల్లారకముందే సేనికి పోవల్ల. పొయ్యి ముట్టిచ్చి పిల్లోడికి వండి పెట్టేంత పొద్దు యాడుంది?" అని తిరిగి నన్నే అడిగెను.

అప్పుడు నావద్ద సమాధానము లేకపోయెను. మా యింటను పాలలో కలుపు పొడి డబ్బా యొకటి కలదు. భార్యాభర్తల మిరువురము ఉద్యోగములకు పోవువారము. ఉదయము డబ్బా మూత తీయుట సులభము. ఆ రాత్రి ఇంటికి పోయి, డబ్బా వెనుకనున్న చిన్న అక్షరములను మొదటిసారి చదివితిని. ఎరువు కొనునపుడు సంచిపైనున్న నత్రజని, భాస్వరము, పొటాష్ శాతములు చదివి తీరవలెనని రైతులకు బోధించు నేను, నా బిడ్డ తాగు డబ్బాను చదువకయే కొనుచుంటిని.

డబ్బాను ఎరువు సంచివలె చదువుడు

చట్టము ప్రకారము ప్రతి ఆహారపు పొట్లముపైనను అందులోని దినుసులు బరువు ననుసరించి, ఎక్కువగా నున్నది ముందు, తక్కువది వెనుక, వరుసగా వ్రాయవలెను. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివిన చాలును. సామాన్యమైన బిస్కట్ పొట్లముపై మైదా, పంచదార, పామాయిల్ అని యుండును. క్షణములో ఉడుకు నూడుల్సుపై మైదా, పామాయిల్, ఉప్పు కనిపించును. పాలలో కలుపు పొడిపై ధాన్యము, పంచదార, "మాల్టు" అని యుండును. మాల్టు అనగా మొలకెత్తించి, ఎండబెట్టి, పొడి చేసిన ధాన్యమే. మన అవ్వలు రాగులతో చేయుచుండిన పనియే అది.

దినుసుల తరువాత పోషకముల పట్టిక యుండును. అందు మాంసకృత్తులు, మొత్తము చక్కెరలు, చేర్చిన చక్కెర, సోడియము అను నాలుగు వరుసలను చూడుడు. "100 గ్రాములకు" అను నిలువు వరుసనే చదువవలెను. "ఒక వాడకమునకు" అను వరుసలో అంకెలు చిన్నవిగా కనిపించును. బిడ్డ ఆ కొలతకు ఆగునా?

డబ్బాపైనున్న బొమ్మను, పెద్ద అక్షరముల మాటలను లెక్కలోనికి తీసికొనవలదు. "ఆరోగ్య పానీయము" అను తరగతి మన ఆహార భద్రతా చట్టములో లేనేలేదు. ఇట్టి పానీయములను ఆ పేరుతో చూపరాదని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అంగళ్ళకు సూచన చేసినది.

10 గ్రాముల మాంసకృత్తుల లెక్క

ఎదుగు బిడ్డకు మాంసకృత్తులు పైరుకు నత్రజని వంటివి. బిడ్డకు 10 గ్రాముల మాంసకృత్తులు చేరవలెనన్న ఏది ఎంత కావలెనో చూడుడు. వేరుశనగ గింజలైన సుమారు 40 గ్రాములు. పెసలైన సుమారు 45 గ్రాములు. శనగపప్పైన 50 గ్రాములు. కోడిగ్రుడ్లైన రెండు చాలి, కొంత మిగులును. 100 గ్రాములలో 7 గ్రాముల మాంసకృత్తులు, నాలుగవ వంతు పంచదార గల బిస్కట్లైనచో 140 గ్రాములకు పైగా తినవలెను. వాటితోపాటు 35 గ్రాముల పంచదార బిడ్డ కడుపులోనికి పోవును. ఆ తీపితో ఆకలి చచ్చి, మధ్యాహ్నము అన్నము ముట్టడు. తల్లి మరల పొట్లము విప్పును.

సున్నపు ధాతువు సంగతియు నిట్టిదే. 100 గ్రాముల తెల్ల బియ్యములో అది సుమారు 10 మిల్లీగ్రాములే. రాగులలో 340 మిల్లీగ్రాములకు పైబడి యుండును. ఎముకలు పెరుగు వయస్సులో ఈ భేదము చిన్నది కాదు.

ఇంతమాత్రమున ఇంట వండినదంతయు మంచిదని చెప్పుటకు వీలులేదు. ఉత్త చారన్నము, పలుచని గంజి మాత్రమే పెట్టిన బిడ్డకు కడుపు నిండును గాని ఒళ్ళు పెరుగదు. డబ్బా తిండికి, ఇంటి తిండికి పోలిక పెట్టునపుడు ఇంటి తిండినికూడ లెక్కతోనే చూడవలెను.

డబ్బా మనకు అమ్మునది తీరుబడి

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు వత్తును. డబ్బాలో నున్నది ధాన్యము, తీపి, నూనె. ఇవి చాలవరకు మన పొలములనుండి పోయినవే. డబ్బా మనకు నిజముగా అమ్మునది తీరుబడి. వేయించుట, విసరుట, కలుపుట ముందే జరిగియున్నవి. వేడినీరు పోసిన చాలును. కలుపుతీతలు, కోతలు జరుగు దినములలో ఆ తీరుబడికి విలువ గలదు. దానిని కాదని "ఇంటనే వండుడు" అని ఉపన్యాసము చేసిన యెడల ఆ బరువంతయు తల్లిమీదనే పడును.

కాబట్టి చేయవలసిన పని యేమనగా, ఆ తీరుబడిని మన యింటనే తయారు చేసికొనుట. పది పన్నెండు దినముల కొకసారి ఒక పూట కష్టపడిన, ప్రతి ఉదయము పది నిమిషములలో బిడ్డ ఆహారము సిద్ధమగును. ఆ ఒక పూట పనిలో ఇంటి మగవారుకూడ కూర్చుండవలెను. విత్తనపు గింజ లేరుటకు అందరమును కూర్చుందుము గదా!

ఇంటి పొడి తయారు చేయు విధము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనాశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. ఆ సంస్థవారు బలహీనులైన పిల్లలకొరకు రూపొందించిన "హైదరాబాదు మిశ్రమము" నేటికిని వైద్య విద్యార్థులు చదువుకొను పాఠము. అందలి పాళ్ళు ఇవి: గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ గింజలు 10, బెల్లము 20. మొత్తము 86 గ్రాములు. దీనివలన 330 కిలోకేలరీల శక్తి, 11.3 గ్రాముల మాంసకృత్తులు లభించును. ధాన్యములో తక్కువైన దానిని పప్పు పూరించును; నూనెగింజ శక్తి నిచ్చును.

ఒక బిడ్డకు పన్నెండు దినములకు కావలసిన కొలతలు:

గోధుమలు - అర కిలో
శనగపప్పు - 200 గ్రాములు
వేరుశనగ గింజలు - 125 గ్రాములు
బెల్లము - 250 గ్రాములు

1. గోధుమలు, పప్పు, గింజలు వేర్వేరుగా ఏరి, సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువరకు వేయించవలెను. మాడనీయరాదు.
2. వేరుశనగ పొట్టు చెరిగి, అన్నియు చల్లారిన తరువాత మెత్తగా పొడి చేయవలెను.
3. తడిలేని మూత డబ్బాలో నిలువ చేయవలెను. వేరుశనగలోని నూనెవలన పొడి కనరెక్కును గనుక రెండు వారములకు మించి ఉంచరాదు.
4. బెల్లమును పొడిలో కలుపక వేరుగా ఉంచి, వండునపుడే వేయవలెను.
5. పొడిని నీటిలో గాని పాలలో గాని ఉండలు కట్టకుండ కలిపి, ఉడికించి, గోరువెచ్చగా పెట్టవలెను.

రెండేండ్ల లోపు బిడ్డకు బెల్లమైనను, పంచదారయైనను చేర్చవలదని నేటి సలహా. వారికి బెల్లమునకు బదులు మెదిపిన అరటిపండు, చిన్న చెంచాడు నెయ్యి కలుపుడు. గోధుమలు లేనిచోట జొన్నలు గాని రాగులు గాని వాడవచ్చును.

మొలకెత్తిన రాగుల మేలు

రాగిపిండిని ఉడికించిన గట్టిపడును. పలుచ చేయుటకు నీరు పోయుదుము. చిన్నబిడ్డ పొట్టలో పట్టునది కొంచెము. అందులో నీరే ఎక్కువైన పిండి తక్కువగును. దీనికి ఉపాయము మొలకలో నున్నది. గింజ మొలకెత్తునపుడు తనలోని పిండిపదార్థమును కరిగించుకొనుటకు అమైలేజ్ అను ఎంజైమును తయారు చేసికొనును. ఆ పిండితో కాచిన జావ తక్కువ నీటితోనే జారుగా నుండును. అంతే గిన్నెలో ఎక్కువ పిండి పట్టును.

రాగులను ఒక రాత్రి నానవేసి, వడకట్టి, తడిగుడ్డలో ఒకటి రెండు దినములుంచిన మొలక వచ్చును. ఆలస్యము చేయక పలుచగా పరచి బాగుగా ఎండబెట్టవలెను; తడిగా నిలిచిన బూజు పట్టును. ఎండిన పిదప చేతులతో నలిపి, మొలకలు రాల్చి, సన్నని సెగపై కొద్దిగా వేయించి విసరవలెను. ఎక్కువ వేయించిన ఎంజైము నశించును.

తాలు గింజలు బిడ్డకు పెట్టరాదు

ఇక్కడ నా శాస్త్రమునకు సంబంధించిన హెచ్చరిక యొకటి చేయుదును. మంచి కాయలు మార్కెట్టుకు పంపి, ముడుతపడినవి, పుచ్చినవి, రంగు మారినవి ఇంటికి ఉంచుకొనుట మనలో అలవాటు. సరిగా ఎండని కాయలపై పెరుగు శిలీంధ్రము అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. అది కాలేయమును చెరచును. వేయించినను, ఉడికించినను పూర్తిగా పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెలలో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించిరి. వారు తిన్నది తమ యింటి గింజయే.

కాబట్టి కాయను ఊపిన గలగల మ్రోగువరకు, గింజ పైపొర వ్రేళ్ళ మధ్య నలిపిన ఊడివచ్చువరకు ఎండబెట్టుడు. అనుమానమున్న గింజను పారవేయుడు.

మరికొన్ని జాగ్రత్తలు: ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమియు పెట్టరాదు, తరువాతకూడ రెండేండ్ల వరకు తల్లిపాలు కొనసాగింపవలెను. చిన్నపిల్లలకు వేరుశనగ గింజలను పొడిచేసియే పెట్టవలెను. గింజగా ఇచ్చిన గొంతులో అడ్డుపడును. మొదటిసారి కొద్దిగా రుచి చూపి, దద్దుర్లు గాని ఆయాసము గాని కనిపించిన వెంటనే వైద్యునికి చూపుడు.

పొట్లము ఎప్పుడు విప్పవచ్చును?

పొట్లములన్నియు చెడ్డవి కావు. అంగన్‌వాడీలలో ఏడు నెలలనుండి మూడేండ్ల వరకు పిల్లలకిచ్చు బాలామృతము పొట్లములోనిదే. అందు వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి గలవు. దానిని పశువులకు పోయక, పెద్దలు పంచుకొనక, బిడ్డకే పెట్టుడు. ప్రయాణములో, జబ్బు దినములలో అంగడి పొట్లము అక్కరకు రావచ్చును. అప్పుడును గడువు తేదీ, 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య చూచి కొనుడు. పండుగకొక బిస్కటు తిన్న బిడ్డ చెడిపోడు. ప్రతి ఉదయము అదే ఆహారమైన నష్టము.

ముగింపు

మరుసటి పంటకాలమున ఆ గ్రామమునకు మరల పోయితిని. ఈసారి ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు కాగితముపై వ్రాసి తీసికొని పోయితిని. ఆమె భర్త దానిని చదివి, మూటలలో మేలైనదాని మూతి విప్పి, రెండు దోసిళ్ళ కాయలు చేటలో పోసి, వొలుచుటకు కూర్చుండెను. "ఇది విత్తనానికి పెట్టిన మూట సార్" అనెను. బాలుడుకూడ వచ్చి చేటముందు చతికిలబడెను.

మన పూర్వులు ఎంత కరవు వచ్చినను విత్తనపు గింజను ముట్టలేదు. మేలైనదానిని ఏరి దాచిరి. రేపటి పైరు దానియందే యున్నదని వారెరుగుదురు. ఈ సంవత్సరము కాయ ఇంటికి చేరినపుడు విత్తనమునకు ఏరినట్లే బిడ్డకు నాలుగు శేర్లు ఏరి, వేరుగా ఒక డబ్బాలో పోసి, తరువాతనే మార్కెట్టుకు బండి కట్టుడు.