మూత్రపిండాల వ్యాధి, ప్రైవేటు ఆరోగ్య బీమా: మేనకోడలికి లేఖ



ఆసుపత్రి బీమా విభాగంలో కొత్తగా కొలువుకు చేరినవారు తెలుసుకోవలసిన జబ్బులు చాలానే ఉన్నా, వాటిలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధిని ముందుగా, లోతుగా తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే ప్రైవేటు ఆరోగ్య బీమా ఏ పునాది మీద నిలబడిందో ఆ పునాదికీ ఈ వ్యాధి నడకకూ పొత్తు కుదరదు. ఎవరికి, ఎప్పుడు వస్తుందో తెలియని ఖర్చును అనేకమంది కలిసి మోయడం బీమా సూత్రం. రోడ్డు ప్రమాదం, అపెండిసైటిస్, డెంగీ జ్వరం వంటివి ఈ సూత్రానికి చక్కగా ఒదుగుతాయి: రోగి ఆసుపత్రిలో చేరతాడు, నాలుగు రోజులు ఉంటాడు, బిల్లు కట్టి ఇంటికి వెళతాడు. మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరిగి, ముదిరిన తర్వాత ఎన్నటికీ తెగని ఖర్చుగా మారుతుంది; ఆ ఖర్చులో పెద్ద భాగం ఆసుపత్రి పడకకు బయట, మందుల దుకాణంలోనూ రక్తపరీక్షల కేంద్రంలోనూ రాకపోకలలోనూ కరిగిపోతుంది. ఈ తేడాను మనసులో పెట్టుకొని చదివితే పాలసీ పత్రంలోని షరతులు ఎందుకు అలా ఉన్నాయో, వాటిలో ఏవి రోగిని గట్టిగా దెబ్బ తీస్తాయో బోధపడుతుంది.

మూత్రపిండాల నిర్మాణంలోనో పనితీరులోనో లోపం మూడు నెలలకు మించి కొనసాగితే దానిని దీర్ఘకాలిక వ్యాధిగా వైద్యులు పరిగణిస్తారు. పనితీరును కొలిచే ప్రధాన సూచిక ఈజీఎఫ్ఆర్. అంటే మూత్రపిండాలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల మేర రక్తాన్ని వడపోస్తున్నాయో రక్తంలోని క్రియాటినిన్, వయసు, లింగం ఆధారంగా కట్టే అంచనా. అది 90, అంతకు పైన ఉంటే మొదటి దశ, 60 నుంచి 89 వరకు రెండవది, 30 నుంచి 59 వరకు మూడవది, 15 నుంచి 29 వరకు నాలుగవది, 15 కంటే తగ్గితే ఐదవది. మొదటి రెండు దశల్లో ఈ అంకె ఒక్కటే చూసి జబ్బు ఉందని తేల్చరు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుండటం వంటి మరొక ఆనవాలు కూడా ఉండాలి. మధుమేహం, అధిక రక్తపోటు ఈ వ్యాధికి ప్రధాన కారణాలు. పనితీరు సగం మేర పడిపోయేదాకా క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు కనుక, కాళ్ల వాపు, ఆయాసం, వాంతులు మొదలయ్యేసరికి వ్యాధి చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. కంటిశుక్లం ఆపరేషన్‌కు ముందు చేయించిన పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నట్టు తేలి, బాధ ఏమీ లేదు కదా అని బీరువాలో పడేసిన కాగితాలు ఎన్నో ఇళ్లలో ఉంటాయి. వైద్యుడికి ఆ కాగితం మీది అంకె ముఖ్యమైతే, బీమా కంపెనీకి దాని మీది తేదీ అంతకంటే ముఖ్యం.

ఆ తేదీకి అంత ప్రాధాన్యం రావడానికి మూలం 'ముందే ఉన్న వ్యాధి' అన్న నిబంధనలో ఉంది. పాలసీ మొదలయ్యే నాటికి వెనుక 36 నెలల లోపు వైద్యుడు నిర్ధారించిన, లేదా వైద్య సలహా, చికిత్స సూచించిన, పొందిన జబ్బును ముందే ఉన్న వ్యాధిగా లెక్కిస్తారు. దానికి సంబంధించిన ఖర్చును కంపెనీ కొంతకాలం చెల్లించదు. ఆ కాలాన్ని నిరీక్షణ కాలం అంటారు. బీమా నియంత్రణ, అభివృద్ధి సంస్థ, అంటే ఐఆర్‌డీఏఐ, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం ఈ గడువు గరిష్ఠంగా 36 నెలలు. అంతకుముందు 48 నెలల వరకు ఉండేది. ఇక్కడ నేర్చుకునేవారు తరచుగా దాటవేసే మాట ఒకటి ఉంది. ఈ మినహాయింపు వ్యాధికే కాక 'దాని ప్రత్యక్ష దుష్పరిణామాలకు' కూడా వర్తిస్తుంది. మధుమేహం ఉందని చెప్పి పాలసీ తీసుకున్న మనిషికి రెండవ ఏట మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తెలిస్తే, అది కొత్త జబ్బు కదా అని కుటుంబం అనుకుంటుంది. డిశ్చార్జ్ సమ్మరీలో వైద్యుడు 'మధుమేహం వల్ల వచ్చిన మూత్రపిండాల వ్యాధి' అని రాస్తే కంపెనీ దానిని పాత జబ్బు కొనసాగింపుగా చూసి, గడువు తీరలేదని తిప్పి పంపుతుంది. బీమా మొత్తాన్ని మధ్యలో పెంచుకున్నప్పుడు, పెంచిన భాగానికి నిరీక్షణ కాలం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుందన్న సంగతి కూడా ఇలాగే చివరి నిమిషంలో బయటపడుతుంది.

నిరీక్షణ కాలం కనీసం ఒకనాటికి తీరుతుంది. శాశ్వత మినహాయింపు తీరదు. ముందే జబ్బు ఉన్నవారిని కంపెనీలు మొత్తంగా తిరస్కరించకుండా ఉండేందుకు, కొన్ని జబ్బులను దరఖాస్తుదారు సమ్మతితో శాశ్వతంగా పక్కన పెట్టి మిగతా జబ్బులకు పాలసీ ఇవ్వవచ్చని 2019 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ జబ్బుల జాబితాలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఉంది. ఉద్దేశం మంచిదే అయినా ఈ రోగి విషయంలో 'మిగతా జబ్బులు' ఏవో గీత గీయడం కష్టం. రక్తహీనత, ఎముకల బలహీనత, గుండెజబ్బు, తరచూ వచ్చే ఇన్ఫెక్షన్లు అన్నీ మూత్రపిండాల వైఫల్యంతో ముడిపడే ఉంటాయి. అందువల్ల అటువంటి పాలసీ చేతికి వచ్చినప్పుడు ఏది మినహాయించారో వ్యాధి పేరుతో, సంకేత సంఖ్యతో సహా చదివించుకోవాలి. వ్యాధి ముదిరిన తర్వాత వ్యక్తిగత పాలసీ కోసం వెళ్లేవారిని చాలా కంపెనీలు అసలే తీసుకోవు. ఇది కఠినమైన సత్యమే అయినా రోగి కుటుంబానికి దాచకుండా చెప్పవలసిందే.

ఈ కారణంగానే కొందరు ఏజెంట్లు ప్రతిపాదన పత్రంలో, అంటే పాలసీ కోసం నింపే ప్రపోజల్ ఫారంలో, జబ్బుల గడి దగ్గర 'లేదు' అని రాయమని సలహా ఇస్తారు. అంతకు మించిన అపకారం మరొకటి లేదు. 1990లో మెడిక్లెయిమ్ పాలసీ తీసుకొని అదే ఏడాది మరణించిన ఒక వ్యక్తి వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దీర్ఘకాలిక మధుమేహాన్నీ మూత్రపిండాల వైఫల్యాన్నీ ఆయన ప్రతిపాదన పత్రంలో చెప్పలేదన్నది కంపెనీ వాదన. పాలసీ ఇవ్వాలా, ఏ ప్రీమియానికి ఇవ్వాలి అన్న కంపెనీ నిర్ణయాన్ని ప్రభావితం చేయగల సమాచారం ఏదైనా కీలకమైనదేననీ, దానిని దాస్తే క్లెయిమ్ నిరాకరించవచ్చనీ 2009లో న్యాయస్థానం తేల్చడంతో ఆ కుటుంబానికి ఏమీ దక్కలేదు. దీనికి ఎదురుగా 2021 నాటి తీర్పును ఉంచి చదవాలి. అమెరికా ప్రయాణానికి పాలసీ తీసుకొని అక్కడ గుండెపోటుకు గురైన ఒక వ్యక్తి తనకు మధుమేహం ఉందని ముందే చెప్పి ఉన్నందున, ఆ సంగతి తెలిసి పాలసీ ఇచ్చిన కంపెనీ తర్వాత అదే స్థితిని చూపి సొమ్ము ఎగ్గొట్టడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పిన జబ్బు రోగికి కవచమైంది, చెప్పని జబ్బు కంపెనీకి ఆయుధమైంది. పాలసీ 60 నెలలు ఎడతెగకుండా కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, దాచారన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించకూడదన్న రక్షణ ఇప్పుడు ఉన్న మాట నిజమే. దీనిని మారటోరియం అంటారు, 2024కు ముందు ఇది 8 ఏళ్లు. అయితే మూత్రపిండాల రోగికి ఆ ఐదేళ్ల లోపే డయాలసిస్ అవసరం రావచ్చు గనుక దాని మీద ఆశ పెట్టుకోవడం తగదు.

ఇక పాలసీ చెల్లుబాటులో ఉండి, గడువులన్నీ తీరిన రోగి సంగతి చూడాలి. మూత్రపిండాలు వదిలేసిన పనిని యంత్రంతో చేయించడమే హీమోడయాలసిస్. సాధారణంగా వారానికి మూడుసార్లు, విడతకు నాలుగు గంటల చొప్పున, ఏడాదికి 156 విడతలు. బీమా సొమ్ము రావాలంటే 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలన్న పాత షరతు నుంచి డయాలసిస్‌ను 'డే కేర్' చికిత్సగా మినహాయించి చాలా పాలసీలు చెల్లిస్తాయి. అయితే విడతకు రెండు వేల రూపాయలే అనుకున్నా ఏడాదికి 3,12,000 అవుతుంది. ఐదు లక్షల పాలసీలో మిగిలిన 1,88,000తోనే ఫిస్టులా ఆపరేషన్ (సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో ధమనినీ సిరనూ కలపడం), జ్వరాలకు అడ్మిషన్లు అన్నీ గడవాలి. అయిపోయిన బీమా మొత్తాన్ని తిరిగి నింపే సదుపాయం కొన్ని పాలసీల్లో ఉన్నా, అదే జబ్బుకు అది వర్తిస్తుందో లేదో చూడకుండా దానిని లెక్కలో వేసుకోకూడదు. డయాలసిస్‌కు విడిగా పరిమితి పెట్టారా, ప్రతి బిల్లులో రోగి ఇంత శాతం భరించాలన్న కో-పే షరతు ఉందా అన్నవి ఈ రోగికి ప్రాణప్రశ్నలు. పది శాతం కో-పే ఒకసారి చేరే రోగికి చిన్నది, 156 సార్లు వచ్చే రోగికి పెద్దది. విడతల మధ్య రక్తం పెరగడానికి వేసుకునే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, ఇంటి వద్ద పొట్టలోకి ద్రావణం పంపి చేసే పెరిటోనియల్ డయాలసిస్ సంచులు ఔట్ పేషెంట్ ఖర్చు కిందికి జారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కనుక, వీటి గురించి కంపెనీ నుంచి ముందుగానే లిఖితపూర్వకంగా జవాబు తెప్పించుకోవడం మేలు.

మూత్రపిండ మార్పిడి దగ్గర చిక్కులు ఇంకో తీరుగా వస్తాయి. గ్రహీత ఆపరేషన్‌కు, దాత నుంచి అవయవం తీసే ఆపరేషన్‌కు చాలా పాలసీలు గ్రహీత బీమా మొత్తం నుంచే చెల్లిస్తాయి. దాత సరిపోతాడో లేదో చూసే పరీక్షలు, ఆపరేషన్ తర్వాత దాతకు వచ్చే ఇబ్బందులు సాధారణంగా బయటే ఉండిపోతాయి. కన్న బిడ్డకో కట్టుకున్నవాడికో మూత్రపిండం ఇచ్చిన తల్లి, భార్య తమ సొంత ఆరోగ్యానికి ఏ రక్షణా లేకుండా మిగలడం ఈ ఏర్పాటులోని పెద్ద అన్యాయం. మార్పిడి తర్వాత శరీరం కొత్త అవయవాన్ని తోసిపుచ్చకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ వంటి మందులు జీవితాంతం వాడాలి. డిశ్చార్జ్ తర్వాత ఖర్చులకు పాలసీలు ఇచ్చే 60 లేదా 90 రోజుల వెసులుబాటు తీరాక ఆ మందుల భారం అంతా ఇంటి మీదే పడుతుంది.

ఈ ఖాళీని కొంత పూడ్చేది తీవ్రవ్యాధుల పాలసీ. రెండు మూత్రపిండాలూ శాశ్వతంగా విఫలమై క్రమం తప్పని డయాలసిస్ మొదలైందనో మార్పిడి జరిగిందనో నిపుణ వైద్యుడు ధ్రువీకరిస్తే అది నిర్ణీత మొత్తాన్ని ఒకేసారి ఇస్తుంది, ఏ ఖర్చుకు వాడారని అడగదు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో మాత్రమే అది దొరుకుతుంది. మధుమేహం ఉన్న ఇళ్లలో ఇంకా జబ్బు రాని పిల్లలకు ఈ మాట చెప్పాలి. యజమాని తీసే గ్రూపు పాలసీలు పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తించడం కద్దు కాబట్టి చాలామంది రోగులకు అదే ఆధారం. అయితే వారానికి మూడు రోజులు డయాలసిస్ కుర్చీలో గడిపే మనిషికి ఉద్యోగం నిలవడం కష్టం, ఉద్యోగంతోపాటు ఆ పాలసీ కూడా పోతుంది. కొలువు వదలకముందే అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని అడగాలని అటువంటి రోగికి గుర్తుచేయవలసిన బాధ్యత బీమా విభాగానిది.

ఇంత చెప్పిన తర్వాత, తెలుగు నేల మీద ఈ వ్యాధి భారాన్ని నిజంగా మోస్తున్నది ఎవరో కూడా గమనించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో, మధుమేహంగానీ రక్తపోటుగానీ లేని రైతులకూ కూలీలకూ కారణం తేలని మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా వస్తోంది. కొబ్బరి, జీడిమామిడి తోటల్లో పనిచేసే ఆ మనుషులకు ప్రైవేటు పాలసీ చేరనే లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ, 2016లో కేంద్రం ప్రారంభించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వారికి దిక్కు. ఆరోగ్యశ్రీ పథకం ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తుండగా, తెలంగాణలో దాని చికిత్స ఖర్చు పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 నుంచి కేంద్ర ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్ తలుపు తెరుచుకుంది. ప్రైవేటు వైద్యం బలంగా ఉన్న అమెరికా సైతం 1972 నాటి చట్టంతో, మూత్రపిండాలు విఫలమైనవారిని వయసుతో నిమిత్తం లేకుండా మెడికేర్ అనే ప్రభుత్వ బీమాలోకి తీసుకుంది. రోగులను ఏరుకునే స్వేచ్ఛ ఉన్న వ్యాపారం ఈ వ్యాధిని ఒంటరిగా మోయజాలదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. కాబట్టి చేతిలో ప్రైవేటు పాలసీ ఉన్న రోగిని కూడా ప్రభుత్వ పథకానికి అర్హత ఉందేమో అడిగి, ఉంటే డయాలసిస్‌ను దాని కింద నడిపించి, ప్రైవేటు బీమా మొత్తాన్ని మార్పిడి వంటి పెద్ద అవసరానికి మిగిల్చడం తెలివైన దారి.

క్లెయిమ్ తిరస్కరణ లేఖ వచ్చినప్పుడు, అమ్మాయీ, అందులో పాలసీలోని ఏ నిబంధనను చూపారో మొదట వెతకాలి. నిబంధన చూపని తిరస్కరణను ఒప్పుకోనవసరం లేదు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా, ఏడాది లోపు బీమా అంబుడ్స్‌మన్‌ను, అంటే బీమా వివాదాలు తీర్చే అధికారిని, ఆశ్రయించవచ్చు. ఆంధ్ర, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది, 50 లక్షల వరకు ఉన్న వివాదాలను రుసుము లేకుండా, వకీలు అవసరం లేకుండా వింటుంది. ఆ వివాదం నడుస్తుండగా కోపంతో ప్రీమియం మానేసే కుటుంబాలు ఉంటాయి. ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టే పాలసీలో గడువు దాటాక 30 రోజుల లోపు కడితే పాత కొనసాగింపు నిలుస్తుంది, ఆ మధ్య రోజుల చికిత్సకు మాత్రం సొమ్ము రాదు. 30 రోజులూ దాటితే నిరీక్షణ కాలం, మారటోరియం అన్నీ మొదటికి వస్తాయి, అప్పటికే డయాలసిస్ మీద ఉన్న రోగికి మరో పాలసీ దొరకడం దాదాపు అసాధ్యం. అందుకే ప్రతి మూత్రపిండాల రోగి ఫైలు అట్ట మీద రెన్యువల్ తేదీ రాసి ఉంచి, దానికి నెల ముందే ఇంటివారికి ఫోన్ చేసి చెప్పడం పని నేర్చుకునే మొదటి వారం నుంచే అలవాటు కావాలి.

ఆశీస్సులతో,
మేనమామ