మహమ్మారులు – మారిన లోకం

పాఠ్యభాగ ఉద్దేశం : అంటువ్యాధి మనుషులను బాధించడమే కాక దేశాల మధ్య గల సంబంధాలను కూడా మారుస్తుంది. కోలారు జిల్లా, కోలారు బంగారు గనుల అనుభవాల ఆధారంగా ఆ మార్పులను వివరించడం, ఒక దేశపు క్షేమం ఇతర దేశాల క్షేమంతో ముడిపడి ఉన్నదని గ్రహింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

అంటువ్యాధి ఒక ఊరిలో పుట్టి ఆ ఊరితోనే ఆగిపోతే అది ఆ ఊరి కష్టం. అదే దేశదేశాలకు వ్యాపించి లక్షలాది ప్రజలను బలిగొన్నప్పుడు దానిని మహమ్మారి అంటారు. మహమ్మారి తనకోసం కొత్త బాట వేసుకోదు. సరుకులు పోయే ఓడలలో, కూలీలు ఎక్కే రైళ్ళలో, యాత్రికులు నడిచే దారులలోనే అదీ ప్రయాణం చేస్తుంది. అందువలన ఏ దేశం దేనిపై ఆధారపడి ఉన్నదో, ఎవరి మాట చెల్లుతున్నదో, ఎవరి ప్రాణానికి విలువ తక్కువగా ఉన్నదో అది బయటపెడుతుంది. ఆ తరువాత రాజ్యాలు తమ చట్టాలను, ఒప్పందాలను, వ్యాపార మార్గాలను మార్చుకొంటాయి. ఈ సంగతి తెలుసుకొనడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. కోలారు జిల్లా చరిత్రను పరిశీలిస్తే చాలు.

1880 దశకంలో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండను సంస్థ ఆధ్వర్యంలో కోలారు బంగారు గనులు అభివృద్ధి చెందాయి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుండి తెలుగు, తమిళ కుటుంబాలు వేల సంఖ్యలో అక్కడికి వలస వచ్చాయి. 1901 నాటికి గనుల పట్టణ జనాభా 38 వేలు దాటింది. కార్మికులు నేల అడుగున తవ్విన బంగారం రైలెక్కి, ఓడెక్కి లండను చేరేది. ఆనాటి ప్రపంచ వాణిజ్యానికి బంగారమే ఆధారం. ఆ విధంగా కూలీ లైన్లలోని తడిక గుడిసెకు, లండనులోని బ్యాంకుకు సంబంధం ఏర్పడింది. బంగారం పోయిన దారిలోనే రోగం తిరిగి వచ్చింది.

1894లో హాంకాంగులో వ్యాపించిన ప్లేగు 1896లో బొంబాయి రేవుకు చేరింది. అక్కడి నుండి రైలుమార్గం వెంట 1898లో బెంగళూరులోను, బంగారు గనులలోను ప్రవేశించింది. ఇళ్ళలో ఎలుకలు రాలిపడడం చూచి జనం ఊళ్ళు వదలి పొలాలలో గుడిసెలు వేసుకొన్నారు. చంకలలోను, గజ్జలలోను గడ్డలు లేచి, జ్వరంతో మనుషులు కొద్దిరోజులలోనే మరణించేవారు. ఒకే గదిలో పలువురు నివసించే కూలీ లైన్ల వంటి ఇరుకు ప్రదేశాలలో వ్యాధికి అడ్డు లేకపోయింది. కార్మికుడు లేనిదే గని లేదు; గని లేనిదే బంగారం లేదు. కార్మికుని ఇంటి పారిశుద్ధ్యం కంపెనీ లాభనష్టాలకు సంబంధించిన విషయమని యజమానులకు తెలిసివచ్చింది.

ఇదే కాలంలో ఐరోపా రాజ్యాలు కూడా కలవరపడ్డాయి. బొంబాయి ఓడలతోపాటు ప్లేగు తమ రేవులకు వస్తుందేమోనని భయపడి, 1897లో వెనిస్ నగరంలో సమావేశమై ఓడల తనిఖీకి, యాత్రికుల నిర్బంధానికి నియమాలు చేసుకొన్నాయి. భారతీయ సరుకులపై ఇతర దేశాలు ఆంక్షలు విధిస్తే తన వ్యాపారం దెబ్బతింటుందని బ్రిటిషు ప్రభుత్వం ఆందోళన చెందింది. ఆ సంవత్సరమే అంటువ్యాధుల చట్టం చేసింది. ఆ చట్టం కింద అధికారులకు విశేషాధికారాలు లభించాయి. పుణె నగరంలో సైనికులు ఇళ్ళలో జొరబడి సోదా చేయడంతో ప్రజలు ఆగ్రహించారు. 1897 జూన్ 22న ప్లేగు అధికారి ర్యాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. ఆ వాతావరణంలోనే బాలగంగాధర తిలక్ రాజద్రోహ నేరంపై కారాగారానికి వెళ్ళారు. రోగం రాజకీయమైంది. వెనిస్ సమావేశంలో భారతదేశం గురించి చర్చ జరిగింది. భారత ప్రజల తరఫున మాట్లాడే వారు మాత్రం లేరు.

రెండవసారి మహమ్మారి ఇన్‌ఫ్లుయెంజా రూపంలో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో, సైనికుల ఓడలతో అది లోకమంతా చుట్టింది. భారతదేశంలో దానివల్ల 1 కోటి 20 లక్షల నుండి 1 కోటి 80 లక్షల వరకు ప్రజలు మరణించి ఉంటారని చరిత్రకారుల అంచనా. 1911–1921 దశాబ్దంలో దేశ జనాభా పెరగడానికి బదులు తగ్గింది. వైద్యులలో చాలామంది యుద్ధసేవకు వెళ్ళడంతో గ్రామాలలో మందిచ్చే దిక్కు లేకపోయింది. అనేక చోట్ల స్వచ్ఛంద సంఘాలే గంజి పోసి, మందు పంచి, శవసంస్కారాలు చేశాయి. యుద్ధానికి మనుషులను, ధనాన్ని తీసుకొన్న ప్రభుత్వం ఆపదలో ఆదుకొనలేకపోయిందన్న భావన ప్రజలలో బలపడింది. తరువాతి సంవత్సరాలలో స్వాతంత్ర్యోద్యమం జనోద్యమంగా మారడానికి గల అనేక కారణాలలో ఇదీ ఒకటి.

రెండు ప్రపంచయుద్ధాల తరువాత దేశాలు ఒక పాఠం నేర్చుకొన్నాయి. 1948 ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పడింది. స్వతంత్ర భారతం అందులో సభ్యదేశమైంది. 1897లో నోరు మెదిపే అవకాశం లేని దేశానికి అక్కడ ఓటు లభించింది. అమెరికా, సోవియట్ యూనియన్ బద్ధవిరోధులుగా ఉన్న రోజులలోనే ఈ సంస్థ ద్వారా మశూచి నిర్మూలనకు చేతులు కలిపాయి. 1980లో మశూచి భూమిపై లేదని ప్రకటించడం జరిగింది. వైరం ఉన్నను లోకోపకారానికి కలిసి పనిచేయవచ్చునని ఆ విజయం నిరూపించింది.

ఆ నమ్మకానికి కోవిడ్ పరీక్ష పెట్టింది. చైనాలోని ఊహాన్ నగరంలో 2019 చివర బయటపడిన ఈ వ్యాధిని 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25 నుండి భారతదేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. 2020 మే వరకు కోలారు జిల్లాలో ఒక్క కేసు కూడా నమోదు కాలేదు. అయినను ఆ జిల్లా రైతులు, కూలీలు అప్పటికే దెబ్బతిన్నారు. కోలారు మార్కెట్టు నుండి దూర రాష్ట్రాలకు పోవలసిన టమోటా లారీలకు ఆటంకాలు కలిగాయి. మంగళూరు వైపు నుండి ఆంధ్రప్రదేశ్‌కు బయలుదేరిన మత్స్యకారులు ముళబాగిలు తాలూకా నంగలి సరిహద్దులో ఆగిపోయారు. అవతల సొంత రాష్ట్రం కనబడుతూనే ఉన్నది. దాటే వీలు లేదు. పెళ్ళిళ్ళకు, సంతలకు, వైద్యానికి నిత్యం దాటే గీత ఒక్కరోజులో గోడ అయింది. దేశాల సరిహద్దులలో జరిగినదీ ఇదే.

ఆ సమయంలో ధనిక దేశాలు కూడా మాస్కులకు, మందులకు చైనావైపు చూడవలసి వచ్చింది. భారతదేశం లోకానికి మందులు అమ్ముతున్నను, వాటి తయారీకి కావలసిన ముడిపదార్థాలను ఎక్కువ భాగం చైనా నుండే తెచ్చుకొంటున్నది. ఒక్క దేశంపై ఆధారపడితే ఆపద వేళ చేతులు కట్టివేసినట్లవుతుందని అందరికీ అర్థమైంది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు అన్ని ప్రభుత్వాలు స్వదేశీ ఉత్పత్తికి పరుగులు తీశాయి.

టీకా వచ్చిన తరువాత మరొక వ్యత్యాసం కనబడింది. ధనిక దేశాలు తమ జనాభాకు అవసరమైన దానికంటె ఎన్నో రెట్లు టీకాలను ముందుగానే కొనుగోలు చేసుకొన్నాయి. టీకాల పేటెంటు హక్కులను తాత్కాలికంగా సడలించాలని 2020 అక్టోబరులో భారతదేశం, దక్షిణాఫ్రికా ప్రపంచ వాణిజ్య సంస్థను కోరాయి. దీర్ఘమైన వాదోపవాదాల తరువాత 2022 జూన్‌లో పరిమితమైన సడలింపు మాత్రమే లభించింది. 2021 జనవరిలో భారతదేశం భూటాన్, మాల్దీవులు మొదలైన దేశాలకు టీకాలు పంపి ఆదరణ పొందింది. కాని ఏప్రిల్‌లో రెండవ అల తీవ్రం కావడంతో ఎగుమతులు ఆగిపోయాయి. భారతదేశపు టీకాల కోసం ఎదురుచూస్తున్న ఆఫ్రికా దేశాలు ఇబ్బంది పడ్డాయి. అదే సమయంలో అనేక దేశాలు భారతదేశానికి ఆక్సిజన్ పరికరాలు పంపాయి. నేడు ఇచ్చిన చేయి రేపు చాచవలసి రావచ్చును.

హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ సంస్థ కొవాగ్జిన్ టీకాను రూపొందించింది. కోలారు జిల్లా మాలూరులోని కర్మాగారాన్ని కూడా ఆ టీకా ఉత్పత్తికి సిద్ధపరచింది. 2021 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకా అత్యవసర వినియోగానికి గుర్తింపునిచ్చింది. హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త 1897లో బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసిన నాడు పరిశోధనకు పాలకుల అనుమతి, ధనం అవసరమయ్యాయి. ఇప్పుడు మన శాస్త్రజ్ఞులే టీకా తయారుచేసి లోకానికి ఇవ్వగల స్థితికి చేరుకొన్నారు.

జిల్లాలో జరిగిన మరొక మార్పు నరసాపుర పారిశ్రామికవాడలో కనబడుతుంది. తైవాన్‌కు చెందిన విస్ట్రాన్ సంస్థ అక్కడ ఐఫోన్ల కూర్పు కర్మాగారం నెలకొల్పి 2020లో ఉత్పత్తి ప్రారంభించింది. 2018లో అమెరికా, చైనాల మధ్య వాణిజ్య తగాదా తలెత్తిననాటి నుండే పెద్ద సంస్థలు చైనాకు తోడు మరొక దేశాన్ని వెదకడం మొదలుపెట్టాయి. మహమ్మారి ఆ వెదుకులాటను వేగవంతం చేసింది. చైనాలో 2022లో జరిగిన నిర్బంధాల వలన జెంగ్‌జౌలోని ఐఫోన్ల ఉత్పత్తి కుంటుపడినప్పుడు భారతదేశం ప్రాముఖ్యం మరింత పెరిగింది. 2023లో నరసాపుర కర్మాగారాన్ని టాటా సంస్థ కొనుగోలు చేసింది. ప్రపంచ రాజకీయాలలోని ఒక మలుపు ఈ విధంగా కోలారు యువతీయువకులకు ఉపాధిగా మారింది.

అయితే పరిశ్రమ వచ్చినంత మాత్రాన న్యాయం వచ్చినట్లు కాదు. 2020 డిసెంబరు 12న జీతాల విషయమై అసంతృప్తి చెందిన కార్మికులు నరసాపుర కర్మాగారంలో ఆందోళనకు దిగారు; విధ్వంసం జరిగింది. విధ్వంసం సమర్థనీయం కాదు. జీతం సక్రమంగా అందకపోవడమూ సమర్థనీయం కాదు. 120 సంవత్సరాలలో 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చిన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. బంగారం లోకానికి చేరింది. సైనైడు దిబ్బలు, పనిలేని కుటుంబాలు గనుల ఊరిలో మిగిలాయి. కొత్త లోకవ్యవస్థలో కోలారుకు దక్కే చోటు ఇటువంటిదే కారాదు.

కోవిడ్ తరువాత దేశాలు కొంతవరకు తమ తలుపులు మూసుకొన్నాయి. కొంతవరకు కొత్త నియమాలకు అంగీకరించాయి. 2020లోను, మరల 2025లోను అమెరికా ప్రభుత్వం ప్రపంచ ఆరోగ్య సంస్థ నుండి వైదొలగదలచినట్లు ప్రకటించింది. 2025 మే నెలలో ఆ సంస్థ సభ్యదేశాలు మహమ్మారులను కలిసి ఎదుర్కొనడానికి ఒక ఒప్పందాన్ని ఆమోదించాయి. మహమ్మారి తనంతట తాను లోకాన్ని మంచిగానో చెడుగానో మార్చదు. లోపాలను చూపిస్తుంది. వాటిని సరిదిద్దుకొనడమా, గోడలు పెంచుకొనడమా అన్నది మనుషుల నిర్ణయం.

2021 మే నెలలో బంగారు గనుల పట్టణ ప్రజలు ఇటువంటి నిర్ణయమే చేశారు. గనులతోపాటు మూతపడి, 20 సంవత్సరాలుగా పాడుబడిన గనుల ఆసుపత్రిని స్వచ్ఛంద సేవకులు కొద్ది వారాలలో శుభ్రపరచి కోవిడ్ రోగులకు సిద్ధం చేశారు. ఎవరో వచ్చి ఆదుకొంటారని వారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఊరికి వర్తించిన ఈ నీతి లోకానికీ వర్తిస్తుంది. ఆపద వచ్చినప్పుడు తెరవడానికి ఆసుపత్రి ఉండాలి, తెరవగల మనుషులుండాలి, వారి మధ్య నమ్మకం ఉండాలి.

పదాలు – అర్థాలు
ఆంక్ష = నిషేధం, అడ్డు
వలస = బ్రతుకుతెరువుకై వేరొక చోటికి పోవడం
పారిశుద్ధ్యం = పరిసరాల శుభ్రత
బద్ధవిరోధి = తీవ్రమైన శత్రువు
సడలింపు = నియమాన్ని తగ్గించడం
వైదొలగు = తప్పుకొను

అ) ఒక్క వాక్యంలో సమాధానం వ్రాయండి.
1. మహమ్మారి అని దేనిని అంటారు?
2. 1897లో ఐరోపా రాజ్యాలు ఏ నగరంలో సమావేశమయ్యాయి?
3. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడు ఏర్పడింది?
4. మాలూరులో ఏ టీకా ఉత్పత్తికి ఏర్పాట్లు జరిగాయి?

ఆ) ఐదారు వాక్యాలలో సమాధానం వ్రాయండి.
1. ప్లేగు వచ్చినప్పుడు ఇళ్ళ సోదాపై ప్రజలు ఎందుకు ఆగ్రహించారు?
2. 1897 నాటి భారతదేశ స్థితికి, 1948 తరువాతి స్థితికి గల భేదం ఏమి?
3. నరసాపురకు కర్మాగారం రావడానికి, ప్రపంచ రాజకీయాలకు గల సంబంధాన్ని వివరించండి.
4. తన ప్రజలకు టీకాలు చాలనప్పుడు ఒక దేశం ఇతర దేశాలకు పంపవచ్చునా? మీ అభిప్రాయాన్ని కారణాలతో వ్రాయండి.

ఇ) సొంత వాక్యాలలో ప్రయోగించండి.
నోరు మెదుపు, చేతులు కలుపు, చేతులు ముడుచుకొని కూర్చొను

ఈ) విడదీసి సంధి పేరు వ్రాయండి.
మాదిరి : లోకోపకారం = లోక + ఉపకారం – గుణసంధి
1. విశేషాధికారం 2. జనోద్యమం 3. స్వాతంత్ర్యోద్యమం

ఉ) భాషాకార్యక్రమం
2020, 2021 సంవత్సరాలలో మీ ఊరిలో ఎవరి జీవనోపాధి ఎలా మారినదో పెద్దలను అడిగి తెలుసుకొని, ఒక పుటకు మించకుండా వ్రాసి తరగతిలో చదవండి.