బిడ్డ నిద్రపోయినా బాలింతకు కునుకు లేదా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇది తొలి కాన్పు. బాబు పుట్టి ఏడు వారాలైంది. మొదట్లో ఊరికే ఏడుస్తుంటే పచ్చి బాలింత కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. బారసాల నాడు ఫొటోలకు నవ్వింది గానీ, ఆ తర్వాత గది దాటి రావడమే తగ్గించేసింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటోంది. బాబుకు అన్నీ చేస్తుంది, మరబొమ్మలా. ‘నేను మంచి తల్లిని కానమ్మా’ అంటోంది. గాలి సోకిందని మా అత్తగారు తాయెత్తు కట్టించారు. మూడో నెలలో అత్తారింటికి పంపాలి. ఏం చెయ్యమంటారు?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: తాయెత్తు ఉంటే ఉండనివ్వండమ్మా, దాని మీద పెద్దావిడతో తగవు వద్దు. అమ్మాయిని మాత్రం ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి.

కాన్పైన మూడో నాడో నాలుగో నాడో చాలామంది బాలింతలు ఉన్నట్టుండి ఏడుస్తారు. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, పైగా నిద్ర ఉండదు. అది రెండు వారాల్లో దానంతట అదే పోతుంది. మీ అమ్మాయికి ఏడు వారాలైనా పోలేదంటే కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అయ్యుండొచ్చు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే బాలింతల్లో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఇది కనిపించింది.

పోల్చుకోవడమే కష్టం. నిద్ర, తిండి ఏ బాలింతకైనా తప్పేవే కదా! అందుకే నేను మొదట ఒకటే అడుగుతాను: బాబు పడుకుని, వాణ్ణి మీరు చూసుకుంటున్నప్పుడైనా ఆమెకు నిద్ర పడుతోందా? అప్పుడూ కప్పు చూస్తూ పడుకుంటే అది ఒట్టి అలసట కాదు. బిడ్డకు ఊపిరి ఆడుతోందో లేదోనని పదేపదే లేచి చూడటం, ఇష్టమైనవాళ్ల ఫోనైనా ఎత్తకపోవడం కూడా గుర్తులే. ‘మంచి తల్లిని కాను’ అన్నది జబ్బు పలికిస్తున్న మాట. ‘బంగారంలాంటి బిడ్డను పెట్టుకుని ఏడుపేమిటి’ అని ఎవరూ అనకుండా చూడండి. ఆ మాటతోనే చాలామంది నోరు మూసుకుంటారు.

ఈ డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987లో బ్రిటన్‌లో తయారైన ఎడింబరో ప్రశ్నావళి ఉంది. పది ప్రశ్నలు, ఐదు నిమిషాల పని. చివరి ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. డాక్టరు దాకా ఆగకుండా అది మీరే అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?’ అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. అవీ ఇలాగే నీరసపరుస్తాయి. కొందరికి కౌన్సెలింగ్ సరిపోతుంది, కొందరికి మందులు కావాలి. మందు అనగానే పాలు మాన్పించేస్తారు మనవాళ్లు. సెర్ట్రలిన్ వంటివి పాలిచ్చే తల్లులకు డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

రాత్రి ఒక విడత బాబును మీరు తీసుకుని ఆమెను నాలుగైదు గంటలు ఏకధాటిగా పడుకోనివ్వండి. పథ్యమని రోజూ కారప్పొడి అన్నమే పెట్టకండి. అత్తారింటికి పంపేది నెల లెక్కను బట్టి కాదు, ఆమె తేరుకున్నదాన్ని బట్టి. అల్లుడుగారికి దాచకుండా చెప్పండి.

ప్రశ్న: నా భార్యకు కాన్పై పది రోజులు. మూడు రాత్రులుగా నిద్రే లేదు, అయినా అలసట లేదు. గబగబా ఏదేదో మాట్లాడుతోంది. బిడ్డను ఎవరో మార్చేశారంటోంది. ఇదీ డిప్రెషనేనా?
- ఒక భర్త, వరంగల్

జవాబు: కాదు. మీకు ఫోన్ చేసి వెంటనే చెప్పాం, ఇక్కడ వేస్తున్నది మిగతావారి కోసం. ఇది సైకోసిస్ లక్షణం. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో వస్తుంది. తల్లీబిడ్డల్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు, అదే రోజు మానసిక వైద్యులున్న ఆస్పత్రిలో చేర్చాలి. చికిత్సతో తేరుకుంటారు. మళ్లీ కాన్పులో తిరగబెట్టే అవకాశం ఎక్కువ కనుక, ఇంకో బిడ్డ కావాలనుకున్నప్పుడే ఈ సంగతి డాక్టరుకు చెప్పండి.